రెండుసార్లు తీసిన తరుగు

చాంది జడ ఘుగ్రీలు కరిగిన రోజు సంత రోజు. పొద్దున్నుంచి ముసురు పట్టి ఉంది. జూలూరుపాడు సెంటర్లో ఆటోలు దిగినవాళ్లు దుకాణాల చూరు కింద నిలబడి కొంగులు పిండుకుంటున్నారు. వెండి దుకాణం గుమ్మంలో సువర్ణ గోనెసంచి పరిచింది. బోర్డు తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఆనాటి ధరలు సుద్దముక్కతో రాసింది. కొత్త వెండి తులం రెండు వందలు. పాత వెండి తులం నూట అరవై. ఆమె అక్షరాలు గుండ్రంగా, ఒకే ఎత్తులో ఉంటాయి. ఆమె పనిలో చేరిన నాటి నుంచి యజమాని ఆదినారాయణ సుద్దముక్క ముట్టలేదు.

చాంది తన కూతురు గోరిని వెంటబెట్టుకొని తండా నుంచి వచ్చింది. కౌంటర్ దగ్గర ఆదినారాయణ ఖాళీగానే ఉన్నాడు. "ఇటు రా అమ్మా, ఏం తెచ్చినవ్?" అన్నాడు.

"మా పిల్లకే చూపెడ్త సేటూ" అంది చాంది. బల్ల చివరన కూర్చుంది.

తండాల వాళ్లందరూ అంతే. సువర్ణ వాళ్ల పిల్ల. లంబాడీలో మాట్లాడుతుంది, పెద్దవాళ్లను యాడీ అని, అంటే అమ్మా అని, పిలుస్తుంది. ఎత్తు కుర్చీలో, కాలిక్యులేటర్ ముందు కూర్చుంటుంది. ఎంత జనం ఉన్నా ఆమె చేయి ఖాళీ అయ్యేదాకా వాళ్లు కూర్చుంటారు.

చాంది భర్త దేవ్లా పోయి ఎన్నో రోజులు కాలేదు. ఆమె మెడ బోసిగా ఉంది. ఏళ్ల తరబడి హాస్లీ ఒరుసుకున్న చోట మెడ చుట్టూ నున్నటి గీత ఒకటి కనబడుతోంది. సంచిలోంచి ఆ హాస్లీ తీసి అద్దం మీద పెట్టింది. బొటనవేలంత లావు వెండి కడ్డీని మెడకు సరిపోయేలా వంచిన నగ అది. సువర్ణ దాని అంచు మీద ఆకురాయితో గీసి చూసింది. లోపల కూడా తెల్లగానే ఉంది. తక్కెడ మీద పెట్టి అద్దం తలుపు మూసింది.

"పాప ఖమ్మంల నర్సు చదువుకు పోతుంది" అంది చాంది. "పోయిన ఎండకాలం వాళ్ల బాపు గీ దుకాణం ముందటనే నిలబడి చెప్పిండు, టెంత్ పాసైతే గవి కొనిస్తనని. గా మువ్వల పట్టీలు. పైన రెండోయి."

సువర్ణ పట్టీలు తీసి చూపించింది. మూడు వేల తొమ్మిది వందలు. గోరి వాటిని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకొని చూసింది.

"హాస్లీ ఇరవై అయిదు తులాలు యాడీ" అంది సువర్ణ. "తరుగు ఐదో వంతు పోతది. అంటే అయిదు. మిగిలింది ఇరవై. తులం నూట అరవై." మీటలు నొక్కి కాలిక్యులేటర్‌ను చాంది వైపు తిప్పింది. "మూడు వేల రెండు వందలు."

చాంది ఆ అంకెలను చూసింది. ఆమెకు అవి చదవడం రాదు. అయినా కొంచెంసేపు చూసింది.

"గంతేనా బిడ్డా?"

"గంతే యాడీ. పాతది కద, కరిగిస్తే పోతది. ఇంక ఏడు వందలు పడతయి."

"వద్దు యాడీ" అంది గోరి. "నాకు సన్నయి చాలు. పోదాం."

"నువ్వు ఊకో. మీ బాపు చెప్పింది సన్నయి కాదు."

చాంది కొంగు ముడి విప్పింది. అందులోంచి ఘుగ్రీలు తీసింది. చెంపల పక్కన జడకు కట్టుకొని వేలాడదీసుకునే వెండి మువ్వల గుత్తులు. మొగుడున్న ఆడది పెట్టుకునేవి. వాటికి నల్లదారం ఇంకా చుట్టే ఉంది. దారంలో నెరిసిన వెంట్రుక ఒకటి ఇరుక్కొని ఉంది. చాంది వాటిని తక్కెడలో వేయలేదు. అద్దం మీద పెట్టి, మీద అరచేయి మూసింది. అట్లాగే ఉండిపోయింది.

అవతల ఇద్దరు ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆదినారాయణ ఇటు చూశాడు.

"జల్దీ చెప్పు యాడీ" అంది సువర్ణ. "ఎనక జనం ఉన్నరు."

గొంతులో కోపం లేదు. రోజుకు పదిసార్లు అనే మాటే. చాంది చేయి తీసింది. దారంలోంచి ఆ వెంట్రుకను జాగ్రత్తగా లాగి వేలికి చుట్టుకుంది. ఘుగ్రీలను ముందుకు తోసింది.

సువర్ణ వాటినీ తూకం వేసింది, ఆరు తులాలు. వాటికీ తరుగు తీసింది. ఏడు వందలు పోగా అరవై ఎనిమిది రూపాయలు తిరిగొచ్చాయి. చాంది చిల్లరను అదే కొంగులో అదే ముడి వేసుకుంది. గోరి చెప్పులు విడిచి పట్టీలు పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే మువ్వలు మోగాయి. చాంది వెనక్కి తిరిగి, "బువ్వ తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

"తింట యాడీ, నువ్వు పో. ఆటో పోతది."

దుకాణం వెనక రేకుల గదిలో గోపాలు కుంపటి రాజేసి కూర్చున్నాడు. సంత రోజు వచ్చిన పాత వెండంతా ఆ సాయంత్రమే కరిగిస్తాడు. ఘుగ్రీల మువ్వలను ఒక్కొక్కటీ కత్తెర మొనతో విప్పి, లోపలున్న ఇనుప గుండ్లను కిటికీ గట్టు మీదికి దులిపాడు. ఇనుము పడితే వెండి పాడవుతుంది. మువ్వలను మూసలో వేసి వెలిగారం చల్లాడు. హాస్లీ కంటే అవే ముందు కరిగిపోయాయి.

దుకాణం మూసేటప్పుడు ఆదినారాయణ గల్లాపెట్టెకు దండం పెట్టుకుంటూ అన్నాడు. "సంత నాడు నువ్వొక్కదానివి ఉంటే చాలు సువర్ణా. నీ చేతుల కలిసొస్తది."

ఆ మాట ఆమె ఇంటికి వెళ్లి తండ్రి మంచం దగ్గర కూర్చొని చెప్పింది. పక్షవాతంతో నోరు పడిపోయిన తండ్రి కళ్లతో నవ్వాడు.

మూడోనాడు వెంకటేశ్వరరావు వచ్చాడు. మండలాఫీసులో పనిచేస్తాడు. వాళ్ల అత్తగారిది ముదిగొండ. అక్కడి నుంచి తెచ్చిన పాత వెండి కంచం గుడ్డలో చుట్టి తెచ్చాడు. అది నలభై తులాలు తూగింది.

"తరుగు ఎనిమిది పోతది సార్. ముప్పై రెండు. నూట అరవై లెక్కన అయిదు వేల నూట ఇరవై."

వెంకటేశ్వరరావు జేబులోంచి పెన్ను తీశాడు. అరచేతి మీద ఏదో వేసుకున్నాడు. బోర్డు వైపు చూశాడు.

"ఏమ్మా, కొత్త వెండి రెండు వందలు కదా?"

"అవ్ సార్."

"పాతది నూట అరవై."

"అవ్ సార్."

"ఆ నలభై ఎందుకు తగ్గింది?"

"పాతది కద సార్. పాతదానికి రేటు తక్కువుంటది."

"మరి ఎనిమిది తులాలు ఎందుకు తగ్గినయ్?"

సువర్ణ చిన్నగా నవ్వింది. ఇట్లా అడిగేవాళ్లు అప్పుడప్పుడు వస్తారు. ఓపికగా చెప్పాలి. "గది తరుగు సార్. కరిగిస్తే బరువు పోతది. రేటు వేరు, బరువు వేరు. పాతదాని రేటు పాతదానికే ఉంటది, కరిగితే పోయేది కరిగితే పోతది. రెండు కలపొద్దు సార్."

"ఓహో" అన్నాడు వెంకటేశ్వరరావు. పక్కన పట్టీలు చూస్తున్న ఆడవాళ్ల వైపు తిరిగాడు. "విన్నరా అమ్మా? ఈ దుకాణంల ఒక్క కోడిని రెండుసార్లు కోస్తరంట."

ఒకావిడ కిసుక్కుమంది. సువర్ణ మొహం వేడెక్కింది. "సార్, మర్యాదగా మాట్లాడుండ్రి. ఇష్టం లేకపోతే కంచం తీస్కపోండ్రి. తండాలోళ్లు, గూడేలోళ్లు ఎంతమంది వస్తరు, ఒక్కరన్న గిట్ల అడగలే."

"వాళ్లు అడగరమ్మా. నేను అడుగుత. రెండు వందలది నూట అరవై ఎందుకైంది? ఐదో వంతు తరుగు తీస్తేనే అయింది! తీసి రాసిన రేటు మీద మళ్లా బరువుల తీస్తవా? ఏం చదివినవ్ నువ్వు?"

"ఇంటర్, ఎంపీసీ" అంది సువర్ణ. తల ఎత్తే చెప్పింది. యజమాని వైపు తిరిగింది. "మీరన్న చెప్పుండ్రి సార్."

ఆదినారాయణ లేచి వచ్చాడు. కాలిక్యులేటర్ తీసుకోలేదు. బోర్డు వైపు చూశాడు, కంచం వైపు చూశాడు. తర్వాత సువర్ణ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"సారు చెప్పింది నిజమే" అన్నాడు. "ఆరు వేల నాలుగు వందలు ఇయ్యాలె. ఏమనుకోకుండ్రి సార్, పిల్ల పొరపాటు పడ్డది. కూసోండ్రి, కూల్‌డ్రింక్ తెప్పిస్త."

వెంకటేశ్వరరావు కూల్‌డ్రింక్ తాగాడు. వెళ్లేటప్పుడు, "లెక్క నేర్చుకో తల్లీ, మంచి నౌకరీ" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. అందుకే సువర్ణకు ఎక్కడ చూడాలో తెలియలేదు. అద్దం మీద అతని గ్లాసు అడుగు తడి గుండ్రంగా మిగిలింది. దాన్ని తుడిచింది. ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

మొదట్లో బోర్డు మీద కొత్త వెండి ధర ఒక్కటే ఉండేది. పాతది ఎవరైనా తెస్తే బరువులో ఐదో వంతు తీసి అదే ధర కట్టేవాళ్లు. ఆదినారాయణ అట్లాగే నేర్పాడు. ఉగాదికి, జనానికి తేలిగ్గా ఉంటుందని పాత వెండికి వేరే ధర రాయించాడు. "ఇకనుంచి పాతదానికి ఈ రేటు కట్టు" అన్నాడు. ఆమె ఆ రేటే కట్టింది. బరువులో తీసేది మాత్రం చేతికి అలవాటైపోయి ఉంది. రెండు వందలు నూట అరవై ఎందుకైందని ఆమె ఏనాడూ అనుకోలేదు. ధర పై నుంచి వస్తుందనుకుంది. సైన్లు, కాస్‌ల విలువలు ఇప్పటికీ నిద్రలో అడిగినా చెబుతుంది.

గిరాకీ పలచబడ్డాక ఆదినారాయణ దగ్గరికి వెళ్లింది. "ఉగాది నుంచి గిట్లనే కట్టిన సార్" అంది.

ఆయన దేవుడి పటం ముందు ఊదుబత్తి బూడిద తీస్తున్నాడు. "నాకూ అనుమానం రాలే. పెట్టిన పైసలకు రావాల్సిన దాని కన్నా కడ్డీ తూకం ఎక్కువే వస్తుండె. మంచి సరుకు వస్తుందనుకున్న." బూడిద కాగితంలోకి దులిపాడు. "సరే. అయింది అయింది. ఎవరన్న వచ్చి అడిగితే ఇచ్చేద్దాం."

"ఎవరూ అడగరు సార్."

"మరి నన్నేం చెయ్యమంటవ్? వాళ్ల పేర్లు నీకు తెలుసునా?"

మొహాలు తెలుసు. మెడల మీది గీతలు తెలుసు. పేర్లు కొన్నే తెలుసు.

"మొన్న సంతకు చాంది వచ్చింది" అంది. "కారేపల్లి తోవల తండా. ఆమె ఇల్లు తెలుసు."

ఆదినారాయణ గల్లాలోంచి రెండు అయిదు వందల నోట్లు తీసి ఇచ్చాడు. లెక్కకు కాస్త ఎక్కువే. ఆయన చెడ్డవాడు కాదు. సువర్ణ నోట్లు పట్టుకొని నిలబడి, అప్పుడు ఇంకో లెక్క కట్టింది. హాస్లీ ఒక్కదానికే నాలుగు వేలు రావాలి. పట్టీలు పోగా వంద చేతికి రావాలి. ఘుగ్రీల ముడి విప్పే పనే లేదు.

రేకుల గదిలోకి పరుగెత్తింది. "గోపాలన్నా, మొన్నటి ఘుగ్రీలు..."

"మొన్నటియా? కడ్డీ అయింది, ఖమ్మం పోయింది. ఇంకెక్కడియి?" అన్నాడు గోపాలు. ఆమె మొహం చూసి కిటికీ గట్టు మీద వేలితో దువ్వాడు. దుమ్ములో నుంచి ఆవగింజలంత ఇనుప గుండ్లు దొర్లాయి. "గివే మిగిలినయ్. ఇవి ఆటివే. మొన్న మువ్వలున్నయి గవొక్కటే వచ్చినయ్."

సువర్ణ వాటిని కాగితంలో పొట్లం కట్టుకుంది.

మర్నాడు సెలవడిగి తండాకు పోయింది. వాన వెలిసింది. పత్తి చేలల్లో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. తండా మొదట్లో హాతీరాం అరుగు మీద కూర్చొని, కాలి బొటనవేలికి పట్టించి తాడు పేనుతున్నాడు. దేవ్లాకు పెద్దన్న. సువర్ణను చూసి తాడు వదలకుండానే అన్నాడు.

"ఏం బాయీ, ఇంక ఏమన్న మిగిలినయేమో చూసిపోదామని వచ్చినవా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వలేదు. నేల చూపులు చూశారు. అప్పుడు సువర్ణకు అర్థమైంది, ఇక్కడ ఏదో మాట ముందే అనుకొని ఉన్నారని.

"నువ్వు నీ తాడు పేనుకో బావా" అంటూ చాంది పక్కనే ఉన్న తన ఇంట్లోంచి వచ్చింది. చేలోంచి అప్పుడే వచ్చినట్టుంది, మోచేతుల దాకా మట్టి. "రా బిడ్డా. గోరీ, మంచం వాల్చు. మంచినీళ్లు తే."

గోరి మంచం వాల్చింది. చెంబు తెచ్చింది. ఆమె నడిచినంతసేపూ పట్టీలు మోగాయి. సువర్ణ మంచం అంచున కూర్చొని నోట్లు తీసింది.

"యాడీ, మొన్న నీకు తక్కువిచ్చిన. గివి నీయి."

చాంది నోట్లు చూసింది. ఆశ్చర్యపోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. "తెలుసు బిడ్డా" అంది.

"తెలుసా?"

"మా బావ ఇంటామెదీ నాదీ ఒక్కనాడు, ఒక్కలాటి హాస్లీలే చేయించిండ్రు. ఆమె పోయినేడు ఇచ్చింది. గసొంటి పట్టీలే వచ్చినయ్, పైన పైసలు గూడ వచ్చినయ్. నాదానికి ఎట్ల తక్కువొస్తది?"

"మరి అడగకపోతివి."

"ఎట్లడుగుత? సేటు కూసొని ఉండె." చాంది గొంతు తగ్గించింది. "మీ బాపు మంచంల ఉన్నడని విన్న. దవాఖానకు ఎన్ని పెట్టినా చాలవు. ఇల్లు నువ్వొక్కదానివే నడుపుతున్నవ్. అక్కర పడి తీసుకున్నదేమో లే అనుకున్న. మన పిల్లవి. పదిమందిల అడిగితే నీ మొఖం ఏం గావాలె?"

సువర్ణ నోట్లు పట్టుకున్న చేయి ఒళ్లోకి జారింది.

"నేను తీసుకోలే యాడీ."

"పోనీ తీ, తెచ్చిచ్చినవ్ గద."

"తీసుకోలే. రూపాయి గూడ తీసుకోలే." సువర్ణ నోట్లను మంచం మీద పెట్టింది. "నాకు లెక్క రాలే. తరుగు రెండుసార్లు తీసిన. ఉగాది నుంచి గట్లనే తీస్తున్న. నాకు తెల్వలే యాడీ."

హాతీరాం తాడు పేనడం ఆపాడు. ఈసారి నిజంగానే నవ్వాడు. "లెక్క రాదా? నువ్వు టెంత్ పాసైన్నాడు మీ సారు అన్ని తండాలు తిరిగి నీ మార్కులు చదివిండు. లెక్కలల్ల ఎనభై తొమ్మిదంట! గదే చెప్పి మా పిల్లల వీపులు పగలగొట్టినం. ఇప్పుడొచ్చి లెక్క రాదంటవా? ఇంక మంచి అబద్ధం జూసుకోరాదూ?"

"అక్కా, నీది ఎంపీసీనే కద" అంది గోరి మెల్లగా. ఎగతాళిగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది.

రేటు వేరు, బరువు వేరు అని నిన్న అంత ధీమాగా చెప్పిన సువర్ణ ఇప్పుడు రెండూ ఒకటేనని చెప్పాలి. చెప్పినా వీళ్లు నమ్మరు. దొంగతనమైతే నమ్ముతారు. ఇప్పటికే నమ్మి, క్షమించి, మంచినీళ్లిచ్చారు.

చాంది ఆమె తల మీద చేయి పెట్టింది. మట్టి ఆరుతున్న చేయి. "సరే బిడ్డా. లెక్క తప్పింది. అట్లనే అనుకుందాం" అంది. పిల్లలు ఏడిస్తే అట్లాగే అంటారు.

సువర్ణ కాగితం పొట్లం విప్పింది. చాంది అరచేతిలో ఒంపింది. ఇనుప గుండ్లు చేతి గీతల్లోకి దొర్లి ఆగాయి.

"గివేంది?"

"నీ ఘుగ్రీలల్లయి. మిగతాది కరిగిపోయింది యాడీ."

చాంది చేయి కొంచెం కదిపింది. గుండ్లు అటూ ఇటూ దొర్లాయి. చప్పుడు రాలేదు.

"కరిగినయా" అంది. ఎవరికో వంట సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "మా ఇంట్ల, మొగుడు పోయిన్నాడు తీసి దాస్తరు. మళ్లా ఆడమనిషి పోయిన్నాడు జడకు కట్టి పంపుతరు. మా అత్తకు నేనే కట్టిన. గవి లేకుండ పోతే అక్కడ దేవ్లా నన్ను చూసి, ఎవరి ఇంటామెనో అనుకొని పక్కకు జరుగుతడు." ఆమె నవ్వింది. "అసలే ఆయనకు చూపు ఆనదు."

గోరి కాళ్లు దగ్గరికి ముడుచుకొని కూర్చుంది. పట్టీలు మోగకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"కొత్తయి చేయిస్త యాడీ" అంది సువర్ణ.

చాంది నోట్లను, గుండ్లను కలిపి సువర్ణ చేతిలో పెట్టి, వేళ్లు ముడిచింది. "గీ పైసలతోని చేయించు. గివే గుండ్లు ఎయ్యి. ఆయన గుర్తుపట్టేది ఆ చప్పుడే. నాకేం జల్దీ లేదు బిడ్డా."

తిరిగి పోయేటప్పుడు హాతీరాం అరుగు మీంచి కాళ్లు తీసి దారి ఇచ్చాడు.

ఆ తర్వాతి సంతకు సువర్ణ బోర్డు తుడిచి ధరలు రాసింది. పాత వెండి కింద 'తరుగు పోగా' అని ఇంకో వరుస చేర్చింది. తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఎప్పటిలాగే ఆమె చేయి ఖాళీ అయ్యేదాకా బల్ల మీద కూర్చున్నారు. వాళ్లకు అది చదవడం రాదు. తనను నమ్మి కూర్చున్నారో, ఓర్చుకొని కూర్చున్నారో ఆమెకు ఇప్పుడు తెలియదు. ప్రతి తూకాన్నీ ఆమె పైకి చదివి చెబుతోంది.

ఘుగ్రీలు తన చేతకాదని గోపాలు అన్నాడు. ఆ పని తెలిసిన కారేపల్లి ముసలాయన కళ్లు కనబడక కుంపటి ఆర్పేసి చాలా కాలమైంది. ఇనుప గుండ్లు, రెండు నోట్లు సువర్ణ టిఫిన్ డబ్బా పై గిన్నెలో ఉన్నాయి. ఉగాది నుంచి వచ్చిపోయిన మిగతావాళ్లలో ఒక్కరి ఇంటికీ ఆమె ఇంకా వెళ్లలేదు. చాంది ఘుగ్రీలు ఇంకా తయారు కాలేదు.